సుబ్బారావు గారి పేరు ఎక్కడ వెతకాలి?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఇంజనీరును. పంపులు, పైపులు, మీటర్లు నా లోకం. అయినా ఇవాళ ఒక వైద్య పరిశోధకుడి గురించి మాట్లాడతానన్నాను. కారణం మా మేనల్లుడు. ఆరేళ్ళప్పుడు వాడికి బ్లడ్ కేన్సర్ వచ్చింది. వైద్యం రెండేళ్ళు దాటి సాగింది. వారానికోసారి వేయాల్సిన చిన్న పసుపు మాత్రలు లెక్కపెట్టి ఇవ్వడం నా వంతు. దాని పేరు మెథోట్రెక్సేట్. ఆ మందు ఎక్కడిదా అని చదువుకుంటూ పోతే మన భీమవరం తగిలింది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో అక్కడ పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కారు. మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎంబీబీఎస్ రాలేదు, ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టారు. 1922లో బోస్టన్ చేరారు. మళ్ళీ ఇంటికి రాలేదు.

ఈ రోజుల్లో పరిశోధకుడి గొప్పతనాన్ని హెచ్-ఇండెక్స్‌తో కొలుస్తున్నారు. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఇది. మీరు రాసిన వ్యాసాల్లో ఇరవై వ్యాసాలను ఒక్కొక్కదాన్నీ కనీసం ఇరవైసార్లు ఇతరులు ప్రస్తావిస్తే మీ సూచిక 20. లెక్కంటే నాకు గౌరవమే. కానీ సుబ్బారావు గారిని ఈ లెక్కలో పెట్టి చూద్దాం.

1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి, రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి ప్రకటించారు. అది ఆ ఇద్దరి పేర్లతోనే ల్యాబుల్లో స్థిరపడింది. 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళారు.

అక్కణ్ణించి పనంతా బృందంతోనే. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన వ్యాసంలో ఆయన పేరు చాలా పేర్ల మధ్య ఒకటి. కణం పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిలాగే కనిపిస్తూ పని మాత్రం జరగనివ్వని అణువులను ఆ బృందమే చేసింది. తాళంలో దూరుతుంది గానీ తిరగని తాళంచెవి అనుకోండి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చి చూశారు. 10 మందికి గుణం కనిపించింది, కొంతకాలమే అయినా సరే. 1948 జూన్‌లో ఆ వ్యాసం వచ్చింది. రాసినవాళ్ళ పేర్లలో సుబ్బారావు గారి పేరు లేదు. రెండు నెలలకే, 53 ఏళ్ళ వయసులో, నిద్రలోనే పోయారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువే మా వాడు మింగిన మెథోట్రెక్సేట్. బోదకాలు రాకుండా ఇంటింటికీ తెచ్చి మింగించే డీఈసీ మాత్ర కూడా ఆయన నడిపిన ప్రయోగశాల నుంచే వచ్చింది.

మీటరు అబద్ధం చెప్పదు. కాకపోతే తన గుండా పోయిన నీళ్ళనే చూపిస్తుంది. వేరే పైపులో ఊరంతా తడిసినా దానికి తెలియదు.

ఇప్పుడు మన సంగతి. సంఘం తయారుచేసిన సభ్యుల జాబితా చూశాను. అందులో 'టెన్త్ పాసైన సంవత్సరం' అని ఒక గడి ఉంది. అందుకే మా బ్యాచ్‌లో పరీక్ష తప్పి బడి మానేసిన ఏడుగురి పేర్లు అందులో లేవు. ఈ సభకు వాళ్ళకు పిలుపూ వెళ్ళలేదు. ఆ ఏడుగురిలో ఒకడు మూడేళ్ళు నా పక్కన కూర్చున్నాడు. ఫలితాలొచ్చిన రోజు వాణ్ణి చూసి నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. మేనల్లుడికి ప్లేట్‌లెట్లు కావాలని తెలిసిన రాత్రి, ఎవరి ద్వారానో విని, లారీ దిగి నేరుగా ఆసుపత్రికి వచ్చినవాడు వాడే. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

హాల్లో ఉన్న ఫస్టు మార్కుల బోర్డు తీసేయమనడం లేదు. అందులో నా పేరూ ఉంది, అదంటే నాకూ ఇష్టమే. ఆ గడిని మాత్రం 'మన బడిలో చదివిన సంవత్సరాలు' అని మార్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. పాత హాజరు పట్టీలు బీరువాలో ఉన్నాయని హెడ్మాస్టరు గారు చెప్పారు. మా బ్యాచ్ పేర్లు వెతికి రాసే పని నేనే చేస్తాను. మిగతా బ్యాచ్‌ల నుంచి ఒక్కొక్కరు ముందుకు రండి.

మేనల్లుడు ఇప్పుడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. సెలవుల్లో నాకు సాయం వస్తానన్నాడు. మొదట ఏ పేరు రాయాలో వాడికి తెలుసు.

సెలవు.