అదనపు గంటల వేతనం: ఎవరికి కలదు, ఎవరికి లేదు?

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మన పిల్లలు ఫోనులో మాట్లాడుతూ, "ఈ వారమంతా రాత్రి పది దాటిన తరువాతనే ఇల్లు చేరాను" అంటారు. "ఆ ఎక్కువ గంటలకు డబ్బిచ్చారా?" అని తల్లి అడిగితే, "నాది గంటల కూలి కాదమ్మా, జీతం. జీతం మీద ఉన్నవారికి అది ఉండదు" అన్న జవాబు వస్తుంది. ఆ జవాబులో సగమే నిజమున్నది.

రూజ్వెల్టు అధ్యక్షుడుగా ఉండగా 1938లో అక్కడ కార్మిక ప్రమాణాల చట్టం వచ్చినది. నేడు దాని ప్రకారం వారానికి 40 గంటలు దాటిన పనికి మామూలు వేతనానికి ఒకటిన్నర రెట్లు ఈయవలె. నిర్వాహకులకు, పరిపాలనోద్యోగులకు, ఉన్నత విద్యావృత్తులవారికి మాత్రం ఇది వర్తించదు. తగవంతా ఈ మినహాయింపు దగ్గరనే.

మినహాయించాలంటే జీతం స్థిరంగా ఉండవలె; పని తక్కువైన వారంలో కోయరాదు. అది వారానికి 684 డాలర్లకు తగ్గరాదు. 2024లో ఈ మొత్తాన్ని పెంచగా, ఆ నవంబరులో టెక్సాసులోని ఒక ఫెడరల్ న్యాయస్థానం ఆ పెంపును కొట్టివేసినది. కొన్ని రాష్ట్రాలలో ఇంతకన్న ఎక్కువే కావలె.

అసలు పరీక్ష పనిని గూర్చినది. గది తలుపుమీద "మేనేజరు" అని వ్రాసినంత మాత్రాన చాలదు. నిర్వాహకుని ముఖ్యమైన పని నిర్వహణమే కావలె. అతని క్రింద కనీసం ఇద్దరు పూర్తికాలపు ఉద్యోగులుండవలె. ఉద్యోగులను చేర్చుకొనుటలో, తొలగించుటలో అతని మాటకు విలువ ఉండవలె. పరిపాలనోద్యోగి ముఖ్యవిషయాలలో స్వయంగా ఆలోచించి నిర్ణయించేవాడై ఉండవలె. ఎవరో నిర్ణయించిన అంకెలను లెక్కలలో ఎక్కించే మనిషి, ఎంత నమ్మకస్థుడైనా, ఆ కోవకు చెందడు.

మనవారు విస్తారంగా ఉన్న కంప్యూటరు ఉద్యోగాలకు వేరే నిబంధన ఉన్నది. ప్రోగ్రాములు వ్రాసేవారిని, వ్యవస్థలను విశ్లేషించేవారిని మినహాయించవచ్చు, గంటకు 27.63 డాలర్లకు తగ్గకుండా గంటల లెక్కన ఇచ్చినా చెల్లుతుంది. యంత్రాలు బాగుచేసేవారు, ఫోనులో సహాయం చెప్పేవారు సాధారణంగా ఇందులోకి రారు. ఇంజనీరు అన్న బిరుదు తగిలించినా అంతే.

ఎక్కువ సంపాదించేవారికి ఈ గొడవ లేదనుకోరాదు. సముద్రంలోని చమురుబావిపై పనిచేస్తూ ఏటికి రెండు లక్షల డాలర్లకు పైగా గడించిన ఒక పర్యవేక్షకునికి రోజు లెక్కన చెల్లించారు. అది స్థిరమైన జీతం కాదనీ, అతనికి అదనపు వేతనం రావలసినదేననీ 2023లో సుప్రీంకోర్టు చెప్పినది!

పొరపాటుగా మినహాయించబడినవారు రెండేళ్ళ బాకీ, తెలిసి చేసిన తప్పయితే మూడేళ్ళ బాకీ కోరవచ్చు. సాధారణంగా అంతే మొత్తం పరిహారంగా కూడ లభిస్తుంది. కాని మినహాయించినవారి గంటలను యజమాని సాధారణంగా వ్రాసిపెట్టడు. ఈసారి ఫోను వచ్చినప్పుడు, ఏ రోజు ఎన్ని గంటలు పనిచేసినదీ ఒక పుస్తకంలో వ్రాసుకొమ్మని పిల్లలకు చెప్పండి.