దారిప్రక్కని చారిత్రక శిలలు



శ్రీకాళహస్తికి వచ్చు యాత్రికులలో కన్నప్ప కథ నెఱుగనివారుండరు. కాని ఈ క్షేత్రమునకు కొలది మైళ్ల దూరముననే యొక చోళరాజు సమాధిపై గట్టిన గుడి యున్నదని యెందఱెఱుగుదురు? తొండమనాటి ప్రాంతమున, బొక్కసంపాలెముకడ నున్న శివాలయమును గూర్చి నేను చెప్పుచున్నాను.

మొదటి ఆదిత్యచోళుడు పల్లవుల ప్రభుత్వమును తుదముట్టించి తొండమండలమును తన రాజ్యమున గలుపుకొనెను. క్రీ. శ. 907 ప్రాంతమున అతడు ఇచ్చటనే కాలధర్మము నొందెను. కుమారుడగు పరాంతకుడు తండ్రి సమాధిపై ఈ గుడిని గట్టించెను. దీనికి కోదండరామేశ్వరమనియు, ఆదిత్యేశ్వరమనియు పేళ్లు. ఉత్సవదినములలో వేయిమందికి అన్నము పెట్టుటకై యేర్పడిన ధర్మమును గూడ అచ్చటి శాసనము చెప్పుచున్నది. అరవశాసనములు ఆదిత్యుని తొండైమానాఱ్ఱూరున నిద్రించిన దేవరయని పేర్కొనును. మరణించెననుటకు వారికి నోరాడలేదు. తంజావూరి పెద్దగుడి గట్టించిన రాజరాజునకు ఈ ఆదిత్యుడు ముత్తాతకు తండ్రి. తంజావూరు చూచుటకు మనము రైలెక్కి పోవుదుము. ఈ సమాధి ప్రక్కదారిని పోవుచు తలయెత్తి చూడము.

తప్పు పూర్తిగా మనది కాదు. ఆ వ్రాత వేయేండ్లనాటి అరవలిపి. తెలుగు చక్కగా చదువగల పెద్దలకును అది గీతలుగనే కనబడును. తొండమనాడన్నంతనే మనకు దోచునది శ్రీనివాసుని భక్తుడగు తొండమాన్ చక్రవర్తి కథ. అది పురాణము, దానిని నేను కాదనను. దాని ప్రక్కనే శాసనము చెప్పు మాటకును కొంచెము చోటుండవలెనని మాత్రమే నా మనవి.

రాజునకు కొడుకు గుడి గట్టించెను. సామాన్యునకు ఊరివారు ఱాయి నాటిరి. ఇచ్చటినుండి పడమటగా పుంగనూరు, పలమనేరు సీమలకు బోయిన, బాణులు, వైదుంబులు, నొలంబులు తమలో దాము పోరాడిన కాలపు వీరగల్లు లెన్నియో కానవచ్చును. పగవారు ఆలమందలను తోలుకొనిపోవుచుండగా అడ్డపడి చచ్చినవాడు, ఊరు నిలుపుటకు కత్తిపట్టి కూలినవాడు, అట్టివారి పేళ్లు వానిపై నున్నవి. వీరిలో పెక్కుమందికి ఆ ఱాయి తప్ప లోకమున వేఱు జ్ఞాపకము లేదు. ఱాతిని చెఱచినవాడు వారణాసిలో గోవులను జంపిన పాపమున బోవునని కొన్నింటి చివర శాపము గూడ గలదు. శాపమునకు జంకినవారు మాత్రము కొందఱే! నేనొక యూర చెఱువుకట్టలో వీరుని ప్రతిమ తలక్రిందుగ ఇమిడియుండుట చూచితిని. అచ్చటి వృద్ధుడొకడు, “అది మా యావులు ఒళ్లు రుద్దుకొను రాయి, అయ్యా” అనెను. ఆవులకొఱకు ప్రాణమిచ్చినవానికి అదియు నొక మర్యాదయే కాబోలు!

అమెరికాలో ఇంగ్లీషువారు 1607లో మొదట నిలుకడగా కాలూనిన జేమ్సుటౌను వర్జీనియా రాష్ట్రమున నున్నది. ఆ రాష్ట్రమువారు 1927 మొదలు తమ రహదారుల ప్రక్క చరిత్ర పలకలు నాటించుచున్నారు. మసాచుసెట్సువారు తమ వలసకు మున్నూఱేండ్లు నిండిన 1930లో ఆ పని చేసిరి. మోటారులో పోవువాడు బండి నాపి చదువుకొనుటకు నాలుగైదు పంక్తుల లోహపు పలక, అంతే. వారి కట్టి చరిత్ర నాలుగు నూఱేండ్లది, మనకు వేయేండ్లది. అయితే ఒకటి గమనింపుడు. తొలినాటి పలకలలో సేనానుల పేళ్లు, దొరల పేళ్లు మెండు. ఆ నేలకు మొదటి హక్కుదారులైన ఆదివాసులును, బానిసలై చెమటోడ్చిన నల్లవారును అరుదు. ఆ కొఱత దీర్చుటకు పిమ్మట క్రొత్త పలకలు నాటవలసివచ్చినది. మన వీరగల్లులలో కాపరి పేరు ముందే యున్నది. చదువువారు లేరు.

ఱాయి శాశ్వతమని యూరకుండరాదు. కాళహస్తి గాలిగోపురమును, నూఱుకాళ్ల మండపమును కృష్ణదేవరాయలు శక 1438లో గట్టించెనని శాసనము. ఆ గోపురము 2010 మే 26న కూలిపోయినది. 2017లో క్రొత్తది నిలిచినది. పాతదానిని గట్టినదెవరో, ఎప్పుడో నేడు మనము చెప్పగలుగుటకు కారణము, శాసనమును చదివి అచ్చువేసినవా రుండుటయే.

కావున మీ యూర వ్రాతఱాయి యున్నచో దానికి సున్నము కొట్టనీయకుడు, రంగు పూయనీయకుడు. రోడ్డు వెడల్పు చేయువారు వచ్చినప్పుడు ముందుగ మీరే చూపుడు. శాసనశాఖవారు తడికాగిత మద్ది, సిరాపొత్తితో ప్రతి దీసికొందురు. ఱాతికి హాని లేదు. వారు చదివి చెప్పినదానినే తెలుగున వ్రాయించి దారిప్రక్క నాటింపుడు, ఊహలు చేర్పవలదు. బొక్కసంపాలెపు దారికి నే వ్రాయుదునేని ఇంతియే వ్రాయుదును: “చోళరాజు ఆదిత్యుడు సుమారు 907లో ఈ ప్రాంతమున మరణించెను. కుమారుడు పరాంతకుడు ఆయన సమాధిపై ఈ గుడి గట్టించెను. గోడలపైని వ్రాత ఆనాటిది. చేతితో తాకవచ్చును, గీకవలదు.”