వైద్యవృత్తి కోరు విద్యార్థి ముందుగా చూడవలసినది
(మధురలో జరిగిన మన విద్యార్థుల వేసవి సభయందు ఒక విశ్రాంత నర్సింగు సూపరింటెండెంటు గావించిన ఉపన్యాసము)



కార్యదర్శిగారు నన్ను ఆహ్వానింపవచ్చినపుడు "మన పిల్లలకు మెడికల్ సీటు దొరకు ఉపాయము నాలుగు మాటలలో చెప్పుడమ్మా" అని కోరిరి. ఆ ఉపాయము నాకు తెలియదు. నాకు తెలిసినది ఆసుపత్రి. 34 ఏండ్లు రోగుల మంచముల నడుమ తిరిగిన దానను. కావున సీటును గూర్చిగాక, సీటు కోరుటకు ముందు పిల్లలు చూడవలసిన దానిని గూర్చి చెప్పెదను. వారు నన్ను క్షమింతురుగాక.

మొదట మా యింటి సంగతి యొకటి. మా పెద్దన్నగారి కుమారుడు పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొనెను. ఆనాడే మా అన్నగారు వానిని డాక్టరును చేయుటకు నిశ్చయించిరి. వానిని అడిగినవారు లేరు. అడిగినను వాడేమి చెప్పగలడు? వేరొక ఊరిలో వసతితోగూడిన శిక్షణాలయమున చేర్చిరి. రెండేండ్లు ప్లస్ టూ, పిమ్మట మరి రెండేండ్లు పరీక్షకై. ఆ పిమ్మట పెద్దలనాటి చేను అమ్మి ప్రైవేటు కళాశాలలో సీటు సంపాదించిరి. మొదటి యేడు పుస్తకములతో గడచిపోయెను. రెండవ యేట వార్డులకు పంపినపుడు గదా వాని కష్టము బయటపడినది. నెత్తురు చూచి భయపడెనని తలపకుడు. దానికి వాడు వెరవలేదు. బాధపడు మనిషి ప్రక్కన కూర్చుండి మాటలాడుట వానికి చేతగాకపోయెను. రోగి యేడ్చినచో తానును మూగవోవును. ఏడాదిన్నర పెనగులాడి చదువు మానుకొని ఇంటికి వచ్చెను. ఆ రాత్రి నాతో "అత్తా, చదువుకు చేరిన తరువాతనే నేను ఆసుపత్రి లోపలికి అడుగుపెట్టితిని" అనెను.

ఆ మాట నాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. నేను పనిచేసిన ఆసుపత్రి వారి యింటికి అరగంట దారి. ఒక్కనాడైనను వానిని వెంటబెట్టుకొని పోయి "ఇదిగో నాయనా, ఇది ఈ పని" అని చూపినదానను గాను. శిక్షణాలయమువారిని నిందించి ప్రయోజనమేమి? మేనత్తనైన నా తప్పు అందులో సగమున్నది. వాడిప్పుడు ఆసుపత్రి యంత్రములను బాగుచేయు పని నేర్చి, ఎక్సురే యంత్రముల నడుమ సుఖముగానే యున్నాడు. చేను మాత్రము తిరిగి రాలేదు.

ఈ లోటును అమెరికా దేశమువారు అర్ధశతాబ్దము క్రిందటనే గుర్తించిరి. టెక్సాసు రాష్ట్రములోని హ్యూస్టను నగరమున 1972వ సంవత్సరమున బేలర్ వైద్యకళాశాలయు, ఆ నగరపు పాఠశాలల యాజమాన్యమును కలిసి ఆరోగ్యవృత్తుల నిమిత్తము ఒక ఉన్నత పాఠశాలను స్థాపించినవి. ప్రసిద్ధ హృదయ శస్త్రవైద్యుడు మైకేల్ డిబేకీ పేరు తరువాత దానికి పెట్టబడినది. అచటి పిల్లలు లెక్కలు, సైన్సు చదువుచునే ఆసుపత్రి పనిని కనులార చూచెదరు. 1976లో ఆరోగ్యవృత్తులను కోరు విద్యార్థులకు 'హోసా' యను సంఘమే యొకటి ఏర్పడినది. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున బీదకుటుంబముల బిడ్డలకై ఉచితముగా ఒక వేసవి శిక్షణ 1980 దశాబ్దమున మొదలైనది. వీనిలో నాకు నచ్చినది ఇదియే. డాక్టరు బిడ్డకు ఆసుపత్రి కొత్తగాదు. భోజనమువేళ తండ్రి చెప్పు మాటలలోనే సగము నేర్చును. నేతపనివాని బిడ్డకు, కిరాణా కొట్టువాని బిడ్డకు ఆ మాట యెవరు చెప్పుదురు? తెల్లకోటు తొడిగి, మెడలో స్టెతస్కోపు వేసి, ఫోటో తీసి, వేలకొలది రుసుము పుచ్చుకొను శిబిరములును అచట లేకపోలేదు. అవి మన దేశమునకును వచ్చుచున్నవి. అట్టివానిని చూచి మోసపోవలదు.

మన దేశమున ఏమియు లేదనుటయు సరికాదు. సమగ్ర శిక్షా పథకము క్రింద 9వ తరగతి మొదలు 12వ తరగతి వరకు చెప్పు వృత్తివిద్యలలో ఆరోగ్యసేవ యొకటి. 2020 నాటి జాతీయ విద్యావిధానమున 6 నుండి 8 తరగతుల పిల్లలు పదిదినములు పుస్తకముల సంచి లేకుండ స్థానిక వృత్తులవారి యొద్ద పని చూచు ఏర్పాటు చెప్పబడినది. మన పాఠశాలలలో జూనియర్ రెడ్‌క్రాసు దళములున్నవి. అందు చేరిన పిల్లలు చాలమంది బ్యాడ్జీ ధరించి సభలలో నీళ్లందించుటతో సరిపెట్టుకొనుచున్నారు. అది వారి తప్పు కాదు, నేర్పువారు లేరు.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదను. పదునైదేండ్ల బిడ్డకు ఆసుపత్రిలో చూపదగినదేది? చూపరానిదేది?

మొదటి దినమంతయు చేతులు కడుగుకొనుటయే. నవ్వకుడు. 1847లో వియన్నా నగరమున సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు ప్రసవ వార్డులో చేతులు మందునీటితో కడుగవలెనని నియమము పెట్టగా బాలింతల మరణములు ఒక్కసారిగా తగ్గినవి. తోటి వైద్యులలో పలువురు ఆయన మాట వినలేదు. ఈనాడును పెద్ద పెద్ద చదువులు చదివినవారు ఈ యొక్కపనిలో తప్పుదురు. సబ్బుతో చేతులు సరిగా కడుగుటకు 40 నుండి 60 సెకండ్లు పట్టును. గోళ్ల సందులు, బొటనవ్రేలి మొదలు, మణికట్టు, అన్నియు. ఈ పనికి విసుగుపడు బిడ్డ తన మనస్సును తానే పరీక్షించుకొనును.

పిమ్మట నాడి చూచుట. పెద్దవారికి విశ్రాంతిగా నున్నపుడు నిమిషమునకు 60 మొదలు 100 వరకు కొట్టుకొనును. ఊపిరి 12 మొదలు 20. పిల్లలు ఒకరి చేయి ఒకరు పట్టుకొని లెక్కించి, మెట్లెక్కి దిగి మరల లెక్కింపవలెను. గుండె ఆగినవానికి రొమ్ము నొక్కుట బొమ్మమీద నేర్పవచ్చును: నిమిషమునకు 100 నుండి 120 మార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతున. రెండు నిమిషములు నొక్కినంతనే చెమటపట్టును. అప్పుడు తెలియును, వైద్యమనగా శరీరశ్రమయు నని. విరేచనములు పట్టిన బిడ్డకు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి యిచ్చుట నేర్పవలెను. పాము కరచినచో గాయము కోయరాదు, గట్టిగా కట్టు బిగింపరాదు, మనిషిని నడిపింపక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెనని నేర్పవలెను. వైద్యకళాశాలలో చేరకపోయినను ఈ విద్య ఇంటికి ఉపయోగించును.

ఇక వార్డు. బిడ్డ అచట చేయదగినది చాల కొద్ది. రోగికి నీళ్లందించుట, ఉత్తరము చదివి వినిపించుట, చక్రాల కుర్చీని నర్సు వెంటనుండగా త్రోయుట, ముసలమ్మకు దిండు సరిచేయుట. సూది వేయరాదు, కట్టు విప్పరాదు, మందు ఇయ్యరాదు. శస్త్రచికిత్స చూచెదమని ఉబలాటపడు పిల్లలు గలరు, నేను ఒప్పుకొనను. మత్తులో నున్న రోగి పాఠశాల పిల్లలకు తన దేహము చూపుటకు సమ్మతించెనా? రోగి "వలదు" అనినచో ఆ గదికి పోరాదు. విన్నది బయట చెప్పరాదు, స్నేహితునికైనను, అమ్మకైనను. ఈ చివరి నియమము మన కుటుంబములలో మిక్కిలి కష్టము! వీధిలో ఎవరికేమి జబ్బో తెలిసిన బిడ్డను ఇంట నలుగురును చుట్టుముట్టి అడుగుదురు. చెప్పని బిడ్డను నేను నర్సింగునకు అప్పుడే తీసికొందును.

పడకపుండ్లను చూపవలెను. కదలలేని రోగిని రెండుగంటలకొకమారు ప్రక్కకు త్రిప్పకున్న నడుము చర్మము ఎట్లు చీకిపోవునో చూచిన బిడ్డ జీవితకాలము మరువదు. త్రిప్పువారెవరు? డాక్టరుగారు కాదు. పగలు రేయి ఆ పని చేయు నర్సులు, ఆయాలు.

ఇచట మన భాషను గూర్చి ఒక మాట. మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో తమిళము మాటలాడుదురు. ఇతర రాష్ట్రములలోని మనవారి పిల్లలు కన్నడమో, ఒరియానో, మరాఠీనో. ఆసుపత్రిలో ఇది పెద్ద సంపద. ఒకమారు మన ముసలమ్మ యొకతె కడుపు పట్టుకొని వచ్చినది. ఎంత అడిగినను "వలి, వలి" అని తమిళమున ఒక్కమాటే చెప్పుచున్నది. నేను తెలుగున అడుగగా "సలుపు గాదమ్మా, పోటు గాదు, మంట, అన్నము తినగనే తగ్గును" అనినది. డాక్టరుగారు ఆ మూడు మాటలనుబట్టియే దారి పట్టిరి. నొప్పి, పోటు, సలుపు, తీపు, మంట - ఇన్ని తేడాలు మన యవ్వలకు తెలియును. ఈనాటి పిల్లలకు తెలియునా? వారిని అవ్వల ప్రక్కన కూర్చుండబెట్టి అడిగించుడు. అదియు వైద్యశిక్షణయే.

పరీక్షలో మాత్రము ఆ భాష అక్కరకు రాదు. నీట్ పరీక్ష 13 భాషలలో జరుగుచున్నను, తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రములలోనే ఇత్తురు. తమిళనాట వ్రాయు మన బిడ్డకు ఇంగ్లీషు, హిందీ, తమిళము, ఉర్దూ. ఈ సంగతి ఎనిమిదవ తరగతిలోనే తెలిసియుండుట మంచిది. ప్రభుత్వ పాఠశాలలో 6 నుండి 12 వరకు చదివి నీట్‌లో అర్హులైనవారికి తమిళనాట 2020 నాటి చట్టముచే 7.5 శాతము సీట్లు ప్రత్యేకింపబడినవి. యానాము వారికి చెప్పుచున్నాను, పుదుచ్చేరిలో 2023లో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు 10 శాతము ఏర్పాటు వచ్చినది. పేరుకొరకు అప్పుచేసి ప్రైవేటు పాఠశాలకు మార్చు తలిదండ్రులు ఇది యెరుగరు.

2025లో నీట్ వ్రాసినవారు 22 లక్షలకు పైబడిరి. దేశమంతటను ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షా పాతికవేలకు అటునిటు. పదునైదుగురిలో ఒక్కరికైనను లేదు. మిగిలినవారందరును ఓడినవారేనా? 2021 నాటి అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టములో యాబదికి మించిన వృత్తులు లెక్కించిరి: ప్రయోగశాలలో నెత్తురు పరీక్షించువారు, డయాలిసిస్ నడుపువారు, విరిగిన కాలికి మరల నడక నేర్పు ఫిజియోథెరపీవారు, కన్ను పరీక్షించువారు. నర్సింగు వేరుగా నున్నది, బి.ఎస్సీ. నాలుగేండ్లు, జి.ఎన్.ఎం. మూడేండ్లు. పదవ తరగతి కాగానే గ్రూపు ఎంచుకొనునప్పుడు వీనిని చూచిన బిడ్డకు ఎంపిక యుండును. చూడని బిడ్డకు డాక్టరు, ఇంజనీరు - రెండే.

నేను నర్సింగులో చేరిన దినమున మా నాన్నగారు మూడు నెలలు నాతో మాటలాడలేదు. "పరుల మలమూత్రములెత్తు పని మన యింటి ఆడపిల్లకా?" అని వారి బాధ. పదేండ్ల పిమ్మట పక్షవాతముతో వారు మంచము పట్టిరి. ఆ పని చేసినది నేనే. వారు అప్పుడును ఏమియు అనలేదు. నా చేయి మాత్రము విడువలేదు. ఈ సభలో తమ కుమార్తెను నర్సు చేయుటకు సిగ్గుపడు తండ్రులు ఎవరైన నున్నచో, వారితో వాదింపను. పిల్లతోగూడ తామును ఒకనాడు వార్డుకు రండు అని మాత్రమే కోరుచున్నాను.

తప్పిన పిల్లలకు ఒక మాట. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున పుట్టి, ఈ మద్రాసులోనే మూడవమారు మెట్రిక్యులేషన్ గట్టెక్కిరి. వైద్యకళాశాలలో ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కక, తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో వెలువడిరి. తోబుట్టువులనిద్దరిని స్ప్రూ వ్యాధి కబళించుట కన్నులార చూచినవారు, తామును దానిపాలైనవారు. ఆ వ్యాధికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లమును అమెరికాలో తయారుచేసిన బృందమునకు వారే నాయకులైరి. రోగము వారికి పుస్తకములో మొదట కనబడలేదు, ఇంటిలో కనబడినది.

సంఘమువారు నా మాట మన్నించి ఈ వేసవిలో పండ్రెండుమంది పిల్లలకు పదునైదు దినముల ఏర్పాటు చేయుచున్నారు. ఊరిలోని ఆసుపత్రి యొకటి అనుమతించినది. రుసుము లేదు. 9వ తరగతి ముగించినవారు మొదలు 11వ తరగతివారి వరకు రావచ్చును. తలిదండ్రుల సమ్మతిపత్రము, బిడ్డ టీకాచీటీ తేవలెను. ఉతికిన నూలు బట్టలు, మూసిన చెప్పులు. ఉంగరములు, గాజులు, సెల్‌ఫోను వలదు. ఆడపిల్లలు జడ ముడిచి రావలెను. పేర్లు కార్యదర్శిగారికి శనివారములోగా ఇయ్యుడు. సోమవారము ఉదయము ఏడు గంటలకు నేను ఆసుపత్రి ద్వారమువద్ద నుందును.