పెంపుడు పాముకి భోజనం: 'ఇంకో ముద్ద' ఇక్కడ పనికిరాదు

ఈరోజు టాపిక్ పేరు వింటే సగం ఇళ్లలో అమ్మలు ఫోన్ లాక్కుంటారు, కాబట్టి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. టాపిక్ ఏంటంటే, పెంపుడు పాముకి తిండి ఎలా పెట్టాలి?

"ఇదేం టాపిక్ రా బాబూ" అనకండి. అమెరికాలో ఎంఎస్ చేస్తున్న మనవాళ్లలో కొంతమందికి ఇది నిజంగా ఇంటి సమస్యే. రూమ్మేట్ ఒక బాల్ పైథాన్‌ని పెంచుతుంటాడు. ఫ్రీజర్ తెరిస్తే ఐస్‌క్రీమ్ పక్కనే ఎలుకల ప్యాకెట్! సెలవులకి ఊరెళ్తూ "పది రోజులు కాస్త చూసుకో మామా" అని పాముని మన చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. పెడితే ఏమవుతుందో, పెట్టకపోతే ఏమవుతుందో!

ఇండియాలో ఉన్నవాళ్లకి ముందే ఒక మాట. మన నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి వాటిని పట్టుకోవడం, ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాముల్ని కూడా ఊరికే తెచ్చి పెట్టుకోకూడదు, కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి. కాబట్టి ఈ వీడియో చూసి ఎవరూ చేనుగట్టు మీదకి బయల్దేరకండి. ఇంట్లోకి పాము వస్తే ఫారెస్ట్ వాళ్లకి గానీ, స్నేక్ క్యాచర్‌కి గానీ ఫోన్ చేయండి.

సరే, విషయంలోకి వెళ్దాం. ఎక్కువమంది పెంచే బాల్ పైథాన్ సొంతూరు ఆఫ్రికా. విషం ఉండదు. పెద్దదయ్యాక సుమారు 3 నుంచి 5 అడుగులు. బాగా చూసుకుంటే 20, 30 ఏళ్లు బతుకుతుంది. అంటే ఈరోజు కొన్న పాము మీ పిల్లల ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ కూడా చూస్తుంది! ఇంతకాలం బతకాల్సిన జీవి ఎక్కువగా దేని దగ్గర దెబ్బతింటుందో తెలుసా? మన ప్రేమ దగ్గర.

మన ఇళ్లలో ప్రేమ అంటే ఏంటి? "ఇంకో ముద్ద తిను, నా కోసం తిను." పాము విషయంలో అదే ప్రమాదం. దానికి మూడు పూటలు లేవు. పిల్ల పాముకి 5 నుంచి 7 రోజులకి ఒకసారి, పెద్దదానికి రెండు వారాలకో మూడు వారాలకో ఒకసారి చాలు. తిన్నది అరగడానికే దానికి రోజులు పడుతుంది. పది రోజులు చూసుకోమని మీ రూమ్మేట్ అప్పగించిన పెద్ద పాము వెళ్లేముందే తినేసి ఉంటే, మీరు చేయాల్సింది రోజూ గిన్నెలో మంచి నీళ్లు మార్చడం, వేడి సరిగ్గా ఉందో లేదో చూడటం. అంతే!

నీళ్లు అన్నాను, పాలు అనలేదు. నాగుల చవితికి పుట్టలో పాలు పోయడం మన భక్తి, దానితో నాకు పేచీ లేదు. కానీ పాలు పాముకి ఆహారం కాదు. బాగా దాహంతో ఉంటే ఏ ద్రవమైనా తాగేస్తుంది, కానీ పాలని అరిగించుకునే శరీరం కాదు దానిది.

మరి ఏం పెట్టాలి? ఎలుక, చిట్టెలుక. చికెన్ ముక్కలు కాదు, పూర్తి జంతువు. ఎందుకంటే దానికి కావాల్సిన కాల్షియం ఆ ఎముకల్లోనే ఉంటుంది. ఇంట్లో బోనులో పడిన ఎలుకని అస్సలు పెట్టొద్దు. అది ఎక్కడైనా ఎలుకల మందు తిని ఉండొచ్చు, ఒంట్లో పురుగులూ ఉండొచ్చు. పెట్ షాపుల్లో ఫ్రోజెన్ ఎలుకలు దొరుకుతాయి, అవే సేఫ్.

సైజు ఎంత? పాము ఒళ్లు ఎక్కడ బాగా లావుగా ఉందో, దాదాపు అంత లావు ఎలుక. అంతకు మించి వద్దు. బరువులో చెప్పాలంటే, ఎదిగే పాముకి దాని బరువులో సుమారు 10 శాతం. 500 గ్రాముల పాముకి 50 గ్రాముల ఎలుక అన్నమాట. పెద్దదానికి 5 శాతం సరిపోతుంది. వంటింటి డిజిటల్ కాటా లాంటిది ఒకటి పాము కోసమే విడిగా కొనండి, పప్పు తూచే కాటా వాడొద్దు!

ఇప్పుడు అసలైన పాయింట్. బతికున్న ఎలుకని వేయొద్దు. "అడవిలో బతికున్నవే తింటుంది కదా" అంటారు. అడవిలో పాముకి వెనక్కి తగ్గే దారి ఉంటుంది. గాజు పెట్టెలో ఉండదు. పాముకి ఆకలి లేకపోతే, భయపడిన ఎలుకే పాముని కొరుకుతుంది. కళ్లు, వెన్ను, పొట్ట... ఆ గాయాలతో చనిపోయిన పాములూ ఉన్నాయి. భోజనం పెట్టామనుకుని మనం అవతల సినిమా చూస్తుంటే, లోపల భోజనమే పాముని తింటుంటుంది.

ఫ్రోజెన్ ఎలుకని ఎలా తయారు చేయాలో స్టెప్ బై స్టెప్ చెప్తాను. ముందు రోజు రాత్రి జిప్‌లాక్ కవర్‌లో వేసి, మూతున్న డబ్బాలో పెట్టి, కింది అరలో ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు ఆ కవర్‌ని అలాగే వేడి నళ్లా నీళ్లలో పెట్టండి. మరిగే నీళ్లు కాదు. మైక్రోవేవ్ అస్సలు వద్దు. ఒకచోట ఉడికిపోతుంది, ఒకచోట గడ్డకట్టే ఉంటుంది, కొన్నిసార్లు పేలిపోతుంది కూడా! ఆ క్లీనింగ్ మీ శత్రువుకి కూడా రాకూడదు. లోపల చల్లదనం లేకుండా, ఒళ్లు 37, 38 డిగ్రీల సెల్సియస్ వేడికి రావాలి. అంటే బతికున్న ఎలుక ఒంటి వేడి. మిగిలినదాన్ని మళ్లీ ఫ్రీజ్ చేయొద్దు, పారేయండి.

ఆ వేడి ఎందుకంటే, బాల్ పైథాన్ పెదవుల దగ్గర చిన్న చిన్న గుంటలు ఉంటాయి. వాటితో అది వేడిని పసిగడుతుంది. నేను కోడింగ్ చేసిన రోజుల భాషలో చెప్పాలంటే, దాని కండిషన్ చాలా సింపుల్: వాసన ఉంది, వేడి ఉంది, కదులుతోంది, అయితే ఇది భోజనం! ఇప్పుడు ఆలోచించండి. ఎలుకని పట్టుకున్న మీ చెయ్యి. వాసన ఉంది, వేడి ఉంది, కదులుతోంది. పాము తప్పేం లేదు, అది ఫాల్స్ పాజిటివ్ అంతే.

అందుకే పొడుగాటి పట్టకారు వాడాలి. తోక దగ్గరో నడుం దగ్గరో పట్టుకుని, మెల్లగా కొంచెం కదిలించండి. అది పట్టుకుని చుట్టేసుకున్నాక వదిలేసి, మూత వేసి, అక్కడి నుంచి వెళ్లిపోండి. రీల్ తీయడానికి మొహం దగ్గర ఫోన్ పెట్టొద్దు. తిన్నాక 48 గంటలు దాన్ని ముట్టుకోకూడదు. ఎత్తుకుంటే మింగినది కక్కేస్తుంది. కక్కడం దానికి మనకి వాంతి అయినంత తేలిక కాదు, బాగా నీరసించిపోతుంది. అలా జరిగితే కనీసం పది రోజుల నుంచి రెండు వారాలు ఆగి, ఈసారి చిన్న ఎలుక పెట్టాలి. మళ్లీ కక్కితే డాక్టర్ దగ్గరికే.

పెట్టె చల్లగా ఉన్నా అరగదు. బాల్ పైథాన్‌కి ఒక పక్క 31 నుంచి 33 డిగ్రీలు, ఇంకో పక్క 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. హీటర్‌కి థర్మోస్టాట్ తప్పనిసరి.

ఒకవేళ కరిచి పట్టుకుంటే? చెయ్యి లాగొద్దు. దాని పళ్లు లోపలికి వంగి ఉంటాయి, లాగితే మీ చర్మమూ చిరుగుతుంది, దాని పళ్లూ విరుగుతాయి. చల్లటి నీళ్లు దాని నోటి మీద పోయండి, వదిలేస్తుంది. తర్వాత సబ్బుతో కడుక్కోండి. గాయం లోతుగా ఉంటే డాక్టర్‌కి చూపించండి. ఇది విషం లేని పెంపుడు పాము సంగతే సుమా! 8 అడుగులు దాటిన కొండచిలువలకైతే పక్కన ఇంకో పెద్ద మనిషి లేకుండా తిండి పెట్టనే కూడదు.

ఇంకో ప్రమాదం కంటికి కనిపించదు: సాల్మొనెల్లా బ్యాక్టీరియా. ఎలుకల్లో ఉంటుంది, పాములోనూ ఉంటుంది, ఫ్రీజర్‌లో పెట్టినా చావదు. అందుకే పాము గిన్నెలు, పట్టకారు వంటింటి సింక్‌లో కడగొద్దు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు. 5 ఏళ్లలోపు పిల్లలున్న ఇంట్లో పాములూ తాబేళ్లూ పెంచడం మంచిది కాదని అమెరికా సీడీసీ చెప్తుంది.

చివరిగా, అది తినకపోతే? కంగారు పడకండి. కళ్లు పాలలా తెల్లబడి ఉంటే కుబుసం విడవబోతోందని అర్థం, అప్పుడు చాలా పాములు తినవు. బాల్ పైథాన్లయితే నెలల తరబడి ఉపవాసం ఉంటాయి, మన కార్తీక మాసం కంటే ఎక్కువే! బలవంతంగా నోట్లో కుక్కొద్దు. వారానికోసారి బరువు రాసుకోండి. 10 శాతం తగ్గినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, నోట్లోంచి జిగురు కారుతున్నా, పాములు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

పాము తోక ఊపదు, థాంక్స్ చెప్పదు, పిలిస్తే రాదు. అది మనల్ని అడిగేది ఒక్కటే: సరైన సైజు, సరైన వేడి, ఆ తర్వాత మన జోక్యం లేని నాలుగు రోజులు. అది ఇవ్వగలను అనుకుంటేనే పెంచండి. లేదంటే నాలాగా వీడియోల్లో చూసి ఆనందించండి.

ఫ్రీజర్‌లో ఎలుకలున్న రూమ్మేట్ మీకుంటే ఈ వీడియో వాడికి షేర్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై!