నేల తేమకు ఆర్డుయినో పలక



నల్లగొండ బత్తాయి తోటలలోను, మహబూబునగరు వేరుశనగ చేలలోను పెక్కింటికి బోరునీరే ఆధారము. నీరు ఎక్కువైనచో వేరు కుళ్ళును, బోరు అడుగంటును. నేలలోని తేమను అంకెలలో చూపు సాధనమును ఎలక్ట్రానిక్స్ చదువనివారు తామే అమర్చుకొనగలరా? ఈ విషయమునే నేడు మనవి చేయుదును.

ఆర్డుయినో అను చిన్న పలక 2005లో ఇటలీలోని ఇవ్రెయా పట్టణమున పుట్టినది. ఎలక్ట్రానిక్స్ తెలియని విద్యార్థులకొరకే దానిని రూపొందించిరి. నీతి ఆయోగ్ 2016లో ఆరంభించిన పథకము క్రింద వెలసిన అటల్ టింకరింగ్ ల్యాబులలో 6 నుండి 12వ తరగతి పిల్లలు ఇట్టి పలకలతో నేర్చుకొనుచున్నారు. మీ పిల్లల బడిలో అట్టి ల్యాబు ఉన్నచో ముందు అచ్చట చూడుడు.

మొదటి పాఠము సులభము. పలకను యు.ఎస్.బి. తీగతో కంప్యూటరుకు తగిలించి, సిద్ధముగానున్న ప్రోగ్రామును ఎక్కించినచో పలకపైని చిన్న దీపము వెలిగి ఆరుచుండును. తీగలను బ్రెడ్‌బోర్డు రంధ్రములలో గుచ్చుటయే, సోల్డరింగుతో పనిలేదు. ప్రోగ్రాము మాత్రము ఇంగ్లీషు అక్షరములలో ఉండును. ఒక్క గుర్తు తప్పినను నడువదు.

రెండవ పాఠము తేమ కడ్డీ. దానికి మూడే తీగలు. కెపాసిటివ్ రకమును కొనుడు. రెండు లోహపు కాళ్ళ రకము తడినేలలో త్వరగా తినివేయబడును. కడ్డీ పైభాగమునకు నీరు తగులనీయకుడు.

అసలు కష్టము ఇక్కడనే ఉన్నది. పలక 0 నుండి 1023 వరకు చూపు అంకె తేమ శాతము కాదు. చల్కా నేలలో ఒక అంకె వచ్చిన, నల్లరేగడిలో మరియొకటి వచ్చును. కావున మీ చేని మన్నునే బాగుగా ఎండబెట్టి, అడుగున రంధ్రములుగల డబ్బాలో నింపి, అంకె వ్రాసికొనుడు. పిదప దానినే తడిపి, మిగులు నీరు కారిన తరువాత మరల వ్రాసికొనుడు. కెపాసిటివ్ కడ్డీకి తేమ పెరిగినకొలది అంకె తగ్గును. మీ పైరుకు కావలసిన తేమ ఈ రెండు అంకెల నడుమ ఉండును. రెండు వారములు పిడికెట మన్ను పట్టిచూచి పోల్చుకొనుడు. అంకెయు చేయియు ఒకే మాట చెప్పువరకు చేతినే నమ్ముడు.

ఒక హెచ్చరిక. ఈ పలక 5 వోల్టులతో పనిచేయునది. దీనిని మోటారు స్టార్టరుకు మీ అంతట మీరు కలుపకుడు; అది ప్రాణాపాయము. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లను తీసివేయుడని రైతులను కోరిరి. మోటారు తనంత తాను తిరిగిన, అక్కర లేకున్నను నీరు పోవును. కావున పలక తేమ చెప్పవలెను. మీట మీరు నొక్కవలెను.

బ్రెడ్‌బోర్డు నేర్చుకొనుటకే గాని వానలో విడుచుటకు కాదు. చూచుకొని ఇంటికి తెచ్చుకొనుడు. ఒక పలక, ఒక కడ్డీ, ఒక చెట్టు పాదు, ఒక నోటు పుస్తకము: ఇంతటితో మొదలిడుడు. తేదీ, అంకె, మోటారు నడచిన గంటలు ఒక పంటకాలము వ్రాసినచో, మీ నేల దాహము మీకే తెలియగలదు.