పరదేశంలో చదువు – ధర్మసమ్మతమైన సంపాదన

సమస్త స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకుల పైన, సహచరుల పైన శాంతి శుభాలు కురియుగాక!



తొలకరి కురిసిందంటే మన వజ్రకరూరు చేలల్లో ఎక్కడెక్కడివారో వచ్చి, వంగి మట్టి వెదకుతారు. ఒక్క రాయి దొరికితే అప్పులన్నీ తీరుతాయని వారి ఆశ. వేరుశనగ చేతికి రాని ఏళ్లలో మనము కూడా ఒక ఆశ పెట్టుకొన్నాము. పొలం తాకట్టు పెట్టి కుమారుణ్ణి అమెరికాకో ఇంగ్లండుకో పంపితే, చదువుకొంటూనే పార్ట్‌టైమ్ పనిచేసి అప్పు తీర్చగలడని. ఈ ఆశను నేడు ధర్మపు త్రాసులో తూచి చూద్దాము.

శ్రమ అవమానం కాదు. దైవప్రవక్త (స) మక్కావాసుల గొర్రెలను కూలికి కాచారు. మదీనాకు వలస వచ్చిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు సఅద్ బిన్ రబీ (రజి) తన సంపదలో సగమిస్తానన్నారు. ఆయన దీవించి, బజారుకు దారి చూపమన్నారు. కనుక హోటలులో పళ్లాలు కడిగే బిడ్డను చూసి మనము సిగ్గుపడనక్కరలేదు.

అయితే పనికి ఒక హద్దు ఉంది. మూసా (అలై) పరదేశిగా మద్‌యన్ చేరినప్పుడు ఎనిమిదేళ్ల పనికి ఒప్పందం చేసుకొన్నారని అల్ ఖసస్ సూరా తెలుపుతున్నది. వీసా కూడా అటువంటి ఒప్పందమే. అమెరికా ఎఫ్-1 విద్యార్థి చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించకుండా, విశ్వవిద్యాలయ ఆవరణలోనే పనిచేయాలి. వెలుపలి పనికి వేరే అనుమతి కావాలి. ఆస్ట్రేలియాలో హద్దు రెండు వారాలకు 48 గంటలు. కెనడాలో ఆవరణ వెలుపలి పనికి 2024 నవంబరు నుండి వారానికి 24 గంటలు. ఒప్పందాలను నెరవేర్చమని అల్ మాయిదా సూరా తొలి ఆయతు విశ్వాసులను ఆజ్ఞాపిస్తున్నది. పరాయివారితో చేసినదైనా ఒప్పందం ఒప్పందమే.

హద్దు దాటి చాటుగా నగదుకు పనిచేసే బిడ్డ గతి ఏమిటి? చెమట ఆరకముందే కూలి చెల్లించమన్నది ప్రవక్త (స) బోధ. కాని యజమాని కూలి ఎగ్గొడితే, ఆ హక్కు అడగడానికి అతనికి నోరు రాదు. పట్టుబడితే చదువు పోతుంది, అప్పు మిగులుతుంది. మద్యం, లాటరీ చీట్లు అమ్మే కొట్టులో నిలబడవలసివస్తే ఆ సంపాదనలోని శుభం కూడా పోతుంది.

సోదరులారా! తప్పు అతనిదేనా? “ఈ నెల ఎంత పంపుతున్నావు?” అని ఫోనులో అడిగింది మనమే. “ఏ పని చేస్తున్నావు? నిద్రపోతున్నావా?” అని అడిగామా? వడ్డీ అప్పును అతని మెడకు కట్టి విమానమెక్కించిందీ మనమే. ధనం ఎలా వచ్చిందని తీర్పుదినాన అడిగినప్పుడు, ఆ లెక్కలో మన వంతు కూడా ఉంటుంది.

కనుక మొదటి ఏడాది ఫీజు, తిండి, అద్దె చేతిలో లేనిదే బిడ్డను పంపవద్దు. పార్ట్‌టైమ్ కూలి చేతిఖర్చుకు ఆసరా కాగలదే గాని, అప్పు తీర్చే ఆధారం కాదు. మనలో కలిగినవారు వడ్డీలేని రుణంతో ముందుకు రావాలి. ఈ రాత్రే ఫోను చేసి, “డబ్బు మాట తరువాత నాయనా, హలాల్ హద్దులో ఉండు, చదువుకో” అని చెప్పుదాము.

అల్లాహ్ పరదేశంలోని మన బిడ్డలను కాపాడుగాక! వారికీ మనకూ ధర్మసమ్మతమైన ఉపాధిని ప్రసాదించుగాక! ఆమీన్.