రెంబ్రాంట్ బొమ్మలో ఒక చిన్న గుంట

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఒక పెద్ద తైలవర్ణ చిత్రం ఉంది. దాన్ని డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1654లో వేశాడు. అందులో స్నానవేళ కూర్చున్న స్త్రీ బైబిలు కథలోని బత్షెబ. చేతిలో దావీదు రాజు ఉత్తరం. చూసేవాళ్ల కళ్లు ముందు ఆ ఉత్తరం మీదికీ, ఆమె దిగులు మొహం మీదికీ పోతాయి.

కొందరు వైద్యుల చూపు మాత్రం ఇంకోచోట ఆగింది. ఎడమ రొమ్ము మీద, చంక వైపు, చర్మం కాస్త లోపలికి లాగినట్టుంది. చిన్న గుంట. ఇది రొమ్ము క్యాన్సర్ గుర్తు కావచ్చన్నారు కొందరు. కాదు, చీముగడ్డ అయినా ఇలాగే ఉండొచ్చన్నారు ఇంకొందరు. ఉత్త నీడే కావచ్చు కూడా. బొమ్మకు పరీక్ష చేయలేం కదా! అందుకే ఆ వాదన తేలలేదు.

కానీ మనకు పరీక్ష చేయవచ్చు. అమ్మలారా, అక్కచెల్లెళ్లారా! రొమ్ము మీద కొత్తగా గుంట పడినా, చర్మం లాగినట్టున్నా, గడ్డ తగిలినా, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. సిగ్గుపడి దాచకండి. గడ్డలన్నీ క్యాన్సర్ కావు. పరీక్ష చేస్తేనే ఏదేమిటో తెలుస్తుంది. గుంట గానీ, గడ్డ గానీ, కొత్తగా కనబడితే వెంటనే డాక్టరుకు చూపించండి.